గుమ్మం మీది ఈతమట్ట

మర్రిగూడ
18 జూన్ 1961, ఆదివారం

తమ్ముడు దానియేలుకు అక్క సుక్కమ్మ ప్రేమతో రాసేది.

ప్రభువు దయవల్ల ఇక్కడ అందరం బాగున్నాం. బాగున్నామని రాయడం అలవాటైపోయింది. నువ్వు నమ్మవు కనుక నిజం కూడా రాస్తున్నాను. ఈ ఎండాకాలం మోకాళ్ళు మరీ బిగుసుకుపోయాయి. కూర్చుంటే లేపడానికి ఒకరు, నిలబడితే కూర్చోబెట్టడానికి ఇద్దరు కావాలి. పక్కింటి గోపమ్మ, ఆమె తోడికోడలు ఉప్పలమ్మ చెరో రెక్క పట్టుకుని నన్ను ప్రార్థనలో చాప మీదికి దింపుతుంటే పిల్లలు నవ్వుతారు. నాకూ నవ్వొస్తుంది. ముప్పై తొమ్మిదేళ్ళకే మన అవ్వ నడక వచ్చేసింది. పోయినేడు నువ్వు చూపించిన మహబూబ్‌నగర్ దవాఖానలో డాక్టరమ్మ, "ఆ ఊరి నీళ్ళు మానెయ్, అదే మందు" అన్నది కదా. మానేసి ఏం తాగాలో మాత్రం చీటీ మీద రాయలేదు.

అయినా గూడెంలో ఆడవాళ్ళకు వాక్యం చెప్పే పని ఆపలేదు. కర్ర పట్టుకుని ఇంటింటికీ పోతున్నాను. మట్టల ఆదివారం నాడు నువ్వు అల్లి గుమ్మం మీద గుచ్చిన ఈతమట్ట సిలువ ఎండి గలగలమంటోంది. బయటికి పోయేటప్పుడు దాన్ని ఒకసారి తాకి పోతాను. నిన్ను తాకినట్టు ఉంటుంది.

టీచరు ట్రైనింగులో సీటు సంగతి ఏమైంది? మూడు వారాలైంది నీ దగ్గర నుంచి కార్డు ముక్క లేదు. అమ్మ నిన్ను కని కన్నుమూసినప్పుడు నాకు పద్దెనిమిదేళ్ళు. అప్పటి నుంచి నీ ముఖం చూసి నీ కడుపులో ఏముందో చెప్పగలను. ముఖం కనబడని దూరం పోయావు కనుక రాస్తే తప్ప తెలియదు. రాయి.

నిన్ను రోజూ ప్రార్థనలో పెట్టుకునే
అక్క


మహబూబ్‌నగర్
1 జూలై 1961

అక్కా, వందనాలు.

నేను మిషను హాస్టల్లోనే ఉన్నాను. ఒంట్లో బాగానే ఉంది. సీటు సంగతి ఇంకా తేలలేదు.

నీ దగ్గర దాచడం నాకు చేతకాదు, చెప్పడమూ చేతకావడం లేదు. ఇక్కడ ఒక ఇంటికి రోజూ సాయంత్రం పోతున్నాను. అన్నం పెడతారు, ప్రేమగా మాట్లాడతారు. వాళ్ళు ఒకటి అడుగుతున్నారు. దానికి ఒప్పుకుంటే నా బతుకు గట్టున పడుతుంది, నీది కూడా. నువ్వు మాత్రం ఒప్పుకోవు. రెండు ఆదివారాలుగా నేను గుడికి పోలేదు. పోవాలని అంగీ వేసుకుంటాను, మళ్ళీ విప్పేస్తాను. బోనులో పడ్డ ఎలుక లాగా గదిలోనే తిరుగుతున్నాను.

ఇంతకంటే రాయలేను. కోపం చేసుకోకు.

తమ్ముడు


మర్రిగూడ
10 జూలై 1961

దానియేలూ,

ఆ పిల్ల ఎవరు? ఎవరి బిడ్డ? పెళ్ళయిందా, కాలేదా?

నీ ఉత్తరం అందినప్పుడు గోపమ్మ పక్కనే ఉంది. "ఏం రాసిండు తమ్ముడు?" అని అడిగితే, మంచిదే రాశాడని చెప్పి పొయ్యి దగ్గరికి పోయాను. మనసు ఉత్తరం మీదే ఉండి జొన్నరొట్టె మాడిపోయింది. సాయంత్రం సాయంత్రం ఒకరింట్లో అన్నం తింటూ, గుడికి ముఖం చాటేసేంత దూరం పోయావంటే ఇంకేమిటి? అన్నం పెట్టేవాళ్ళంతా సంబంధం కలుపుకోవడానికే పెడతారని నీకింకా తెలియలేదా?

నేను తిట్టి ఊరుకోను, దారి కూడా చెప్తాను. మన దగ్గర ప్రభువు పేర రొట్టె విరిచి పంచుకునే ఆదివారానికి ముందు శనివారం సిద్ధపాటు కూడిక ఉంటుంది కదా. చౌటుప్పల్ నుంచి పాస్టరు గారు బస్సు దిగి వస్తారు, మనసులో బరువున్నవాళ్ళు లేచి నిలబడి అందరి ముందు చెప్పుకుంటారు. చిన్నప్పుడు నువ్వు జానయ్య మామ చేనులో దోసకాయ తెంపి, అక్కడే నిలబడి ఏడ్చుకుంటూ చెప్పావు. ఏ పనైనా చేసేముందు ఒక్కటి అడుగు. దీన్ని ఆ శనివారం అందరి ముందు నిలబడి నోరు తెరిచి చెప్పగలనా? చెప్పగలిగితే చెయ్యి. చెప్పలేననిపిస్తే అది సాతాను పెట్టే శోధన. అది ఎంత చక్కగా మాట్లాడినా, నీకు ఎంత అన్నం పెట్టినా సరే. పన్నెండేళ్ళుగా ఆడవాళ్ళకు నేను చెప్పేది ఇదే, నాకు తెలిసిందీ ఇదే.

పిల్ల మంచిదైతే పేరు రాయి. నేనే వచ్చి అడుగుతాను, కాళ్ళీడ్చుకుంటూనైనా.

అక్క


మహబూబ్‌నగర్
19 జూలై 1961

అక్కా,

నీ ఉత్తరం చదివి నవ్వాను, తర్వాత ఏడ్చాను. పిల్లా లేదు, పెళ్ళీ లేదు. అదైతే ఎంత బాగుండేది!

నేను పోయే ఇల్లు నర్సింహ అన్నది. సర్కారు కచేరీలో గుమాస్తా, మన కులమే, హిందువు. ట్రైనింగులో మామూలు సీట్లు నిండిపోయాయి, హరిజనులకు ఉంచిన సీటు ఒకటి మిగిలింది. ఆ సీటు హిందువులుగా ఉన్నవాళ్ళకేనట. సిలువ పట్టినవాళ్ళకు లేదని సర్కారు రాసి పదకొండేళ్ళయింది. దరఖాస్తులో మతం గడి ఉంది. అందులో 'హిందువు' అని రాయాలి. అంతే.

నా బడి రిజిస్టరులో పుట్టిన పేరే ఉంది, పర్వతాలు అని. ఏడో ఏట నాకు బాప్తిస్మం ఇచ్చి దానియేలు అని పెట్టిన సంగతి ఏ సర్కారు కాగితం మీదా లేదు. నర్సింహ అన్న ఏమడిగాడో విను. "దేవుణ్ణి మార్చుకున్నరు, సరే. ఊరోళ్ళు మీ కులం మరిచిండ్రా? ఊరి బాయి కాడికి మీ అక్కను రానిస్తుండ్రా? తిప్పలకు మాత్రం మనం ఒక్కటే. సీటు కాడికి వస్తే నువ్వు వేరే అయితివా? నీది నువ్వు తీసుకో తమ్మీ, గిది దొంగతనం కాదు" అన్నాడు. చెప్పు, ఇందులో ఏ మాట అబద్ధం?

ట్రైనింగు అయితే ఇక్కడే బడిలో పని దొరుకుతుంది. నిన్ను తీసుకొచ్చుకుంటాను. ఇక్కడి నీళ్ళు మంచివి. నువ్వు ఆ బావి నీళ్ళు ఇంకో అయిదేళ్ళు తాగితే మంచం దిగవని డాక్టరమ్మ నాతో విడిగా అన్నది. నీకు చెప్పలేదు, ఇప్పుడు చెప్తున్నాను.

సంతకం పెట్టేశాను. ఆగస్టులో రెవెన్యూ తనిఖీ చేసే గిర్దావర్ ఊరికి వచ్చి విచారిస్తాడట. నువ్వు చెప్పిన పరీక్ష కూడా చేసుకున్నాను. ఆ శనివారం నిలబడి నేను ఈ మాట చెప్పలేను. కానీ నీ కాళ్ళు పడిపోతుంటే చూస్తూ కూర్చున్నానని కూడా చెప్పలేను కదా. నీ పరీక్షలో నాకు రెండు పక్కలా తలుపు మూసే ఉంది.

పర్వతాలు


మర్రిగూడ
28 జూలై 1961

నా దానియేలూ,

ఉత్తరం కింద ఆ పేరు చూసి ఎవరో పరాయివాళ్ళది మన ఇంటికి వచ్చిందనుకున్నాను. అది అమ్మ మొక్కుకుని పెట్టిన పేరే, దాని మీద నాకేం కోపం లేదు. నన్ను చూడు, అదే రోజు బాప్తిస్మం తీసుకున్నా సుక్కమ్మగానే మిగిలాను. బాప్తిస్మమిచ్చిన మిషను దొర దగ్గర నా వంతు వచ్చేసరికి పేర్లు అయిపోయాయని నాయిన నవ్వేవాడు. పేరు ఏదైనా ఒకటే. ఆ గడిలో రాసిన మాట వేరు.

నర్సింహ చెడ్డవాడని నేననను. ఆయన అడిగినవి నేనూ దేవుణ్ణి అడిగాను, ఊరి బావి దగ్గర దూరంగా నిలబడి ఎవరైనా కడవలో పోస్తారేమోనని చూస్తూ అడిగాను. సర్కారు మనకు చేసింది అన్యాయమే. అది అన్యాయమని కచేరీ ముందు నిలబడి అరువు, నేను కూడా వచ్చి అరుస్తాను. కానీ వాళ్ళ అన్యాయం నీ అబద్ధాన్ని నిజం చేయదు.

శోధన ఎట్లా వస్తుందో ఆడవాళ్ళకు నేను చెప్పే కథ నీకు గుర్తుందా? ప్రభువు నలభై రోజులు పస్తున్నాక సాతాను వచ్చి రొట్టె మాటే ఎత్తాడు. కడుపు నిండి ఉన్నప్పుడు రాలేదు, విషం తినమనలేదు. ఆకలి నిజం, రొట్టె మంచిది, అడిగిన తీరు కూడా దయగానే ఉంది. అందుకే అది శోధన. చెడ్డది చెడ్డదాని లాగే వస్తే గుర్తుపట్టడానికి వాక్యం ఎందుకు, కుక్క కూడా గుర్తుపడుతుంది. నీకు అది నా మోకాళ్ళ మీద ఎక్కి వచ్చింది. నిన్ను నీ కోసం అడిగితే నువ్వు కాదంటావని దానికి తెలుసు.

ప్రభువును పట్టుకుపోయిన రాత్రి ఆయన శిష్యుల్లో పెద్దవాడు చలిమంట దగ్గర ఆయనెవరో నాకు తెలియదని అన్నప్పుడు, అడిగింది రాజు కాదు, సైన్యం కాదు. ఒక పనిపిల్ల. మన వరకు అది ఒక చిన్న గడిగా వచ్చింది.

మంచం దిగకపోతే మంచం మీదే ఉంటాను. నా కాళ్ళను నీ సాకు చేసుకోకు, దానియేలూ. నేను ఆజ్ఞ వెయ్యను. చెప్పాను, ఇక నీ ఇష్టం.

అక్క సుక్కమ్మ


మర్రిగూడ
12 ఆగస్టు 1961

దానియేలూ,

ఈ ఉత్తరం ఎట్లా మొదలుపెట్టాలో తెలియక రెండు కాగితాలు చింపాను.

పోయినుత్తరానికి నీ జవాబు రాలేదు. రాకపోయేసరికి నువ్వు వెనక్కి తగ్గలేదనే అనుకున్నాను. గురువారం మిట్టమధ్యాహ్నం గిర్దావర్ వచ్చాడు. మంచి మనిషే. ఎండకు ముఖం కందిపోయి ఉంది. కేకలు వెయ్యలేదు, బెదిరించలేదు. వాకిట్లో దూరంగా నిలబడి కాగితం చూసుకుంటూ, "పర్వతాలు నీ తమ్ముడేనా అమ్మా?" అన్నాడు. అవునన్నాను. అంతవరకు నిజమే కదా. "మీరు హిందువులేనా, కిరస్తానంల కలిసిండ్రా?" అన్నాడు.

నిజం చెప్దామనే నోరు తెరిచాను. ఆయన కళ్ళు నా చేతికర్ర మీద, వంగిన కాళ్ళ మీద పడ్డాయి. "ఈ ఊరి నీళ్ళు పాడుగాను" అన్నాడు, పాపం. ఆ ఒక్క మాటతో నాకు మహబూబ్‌నగర్ కనబడింది. నల్లా కింద పెట్టిన కడవ కనబడింది. నువ్వు బడి నుంచి వస్తుంటే నా కాళ్ళతో నేను నడిచి తలుపు తీయడం కనబడింది. నిన్ను ఎన్ని తిట్టానో అవేవీ గుర్తు రాలేదు. "హిందువులమే అయ్యా" అన్నాను.

ఆయన రాసుకుని, తల ఎత్తి గుమ్మం చూశాడు. "మరి గదేంది?" అన్నాడు. నువ్వు గుచ్చిన సిలువ. "ఈతమట్ట అయ్యా, పొయ్యిలకు" అన్నాను. ఆయన దాన్నే అట్లాగే చూస్తున్నాడు. నేను కర్ర ఎత్తి దాన్ని కింద పడేసి, వంగలేక కాలితో వాకిట్లో మండుతున్న పొయ్యి దాకా తోశాను. కాలితో, దానియేలూ. అది ఎండి ఉంది కదా, అంటుకోవడానికి ఎంతోసేపు పట్టలేదు.

ఆయన పోయాడు. నీ పని అయిపోయినట్టే. నీకు సీటు వస్తుంది. నేను మాత్రం ఇంట్లోకి పోయి వాక్యం తెరవలేకపోయాను. నిన్న ఆడవాళ్ళు ప్రార్థనకు పిలిస్తే తలనొప్పి అన్నాను. అబద్ధం ఒకటి చెప్తే దానికి తోడు ఇంకోటి కావాల్సి వస్తోంది.

నన్ను క్షమించు అనాలో, సంతోషించు అనాలో తెలియడం లేదు.

అక్క


మహబూబ్‌నగర్
13 ఆగస్టు 1961

అక్కా, నీ దానియేలు రాసేది.

ఇవాళ గుడికి పోయాను! ముందు ఆ మాట రాసి తర్వాత మిగతావి రాస్తున్నాను.

నీ ఉత్తరం వారం పాటు జేబులో పెట్టుకుని తిరిగాను. నువ్వు మోకాళ్ళ గురించి రాసింది చదివి మొదట నీ మీద కోపం వచ్చింది. తర్వాత ఆలోచిస్తే నిజమే అనిపించింది. నేను నీ పేరు చెప్పుకుని నాకు కావలసింది అడుగుతున్నాను. బుధవారం కచేరీకి పోయి దరఖాస్తు వాపసు ఇవ్వమని రాసిచ్చాను. కారణం దగ్గర, నేను క్రైస్తవుణ్ణి అని రాశాను. చేతిరాత వంకరపోయింది.

నర్సింహ అన్న కాగితం తీసి రెండుసార్లు చదివాడు. "గీ సీటు కోసం నేను ఎంతమంది కాళ్ళు పట్టుకున్ననో నీకెర్కనా?" అన్నాడు. క్షమించమన్నాను. "నీ దేవుడు నీకు నీళ్ళిస్తడా?" అన్నాడు. తెలియదన్నాను. ఆ పూట కూడా అన్నం పెట్టారు, అక్కా. ఆ అన్నం మింగడం అన్నిటికంటే కష్టమైంది.

సీటు పోయింది. అయినా నీ ముఖం తలచుకుంటే ధైర్యంగా ఉంది. కాగితం వాపసు తీసుకున్నాను కనుక గిర్దావర్ రాడనుకుంటా. ఒకవేళ వచ్చినా నువ్వేం చెప్తావో నాకు తెలుసు కాబట్టి ఫికర్ లేదు.

నీ వల్ల నిలబడ్డ
దానియేలు


మహబూబ్‌నగర్
21 ఆగస్టు 1961

అక్కా,

మన ఉత్తరాలు దారిలో దాటుకున్నాయి. నేను బుధవారమే కాగితం వాపసు తీసుకున్నాను, ఆయన గురువారం నీ దగ్గరికి వచ్చాడు. ఆ సంగతి ఆయనకు ఎవరూ చెప్పి ఉండరు. ఒక్క రోజు తేడా.

నిన్ను ఒక్క మాట అనను. నువ్వు చేసింది నా కోసం, నేను చేసింది నీ మాట మీద. ఫికర్ లేదని రాసిన ఆ ఉత్తరం నీకు చేరి ఉంటుంది. దాన్ని వెనక్కి తీసుకోగలిగితే ఎంత బాగుండు.

నన్ను ఒకటి చెప్పనివ్వు. ఎవరికీ చెప్పకు. సీటు ఎట్లాగూ పోయింది, నీ మాట వల్ల ఎవరికీ ఏదీ రాలేదు, ఎవరిదీ పోలేదు. చూసింది నువ్వు, గిర్దావర్, పొయ్యి. సిద్ధపాటు కూడికలో నిలబడి చెప్తే నిన్ను వాక్యం పని నుంచి తీసేస్తారు. ఆ పని తప్ప నీకేముంది? ఇంట్లో నువ్వు, నీ కాళ్ళు. దేవుడికి తెలుసు కదా, ఆయనతో చెప్పుకో, చాలు. మట్ట కావాలంటే ఇంకోటి అల్లి తెస్తాను.

నేను ఒక అచ్చాఫీసులో పనికి కుదిరాను. చిన్న జాగా దొరకగానే నిన్ను తీసుకొచ్చుకుంటాను. ఎప్పుడని అడగకు.

దానియేలు


మర్రిగూడ
4 సెప్టెంబరు 1961, సోమవారం

నా తమ్ముడికి,

నీ రెండు ఉత్తరాలూ అందాయి. మొదటిది చదివి ఏడ్చాను, రెండోది చదివి భయపడ్డాను. ఎందుకో చెప్తాను. ఎవరికీ చెప్పకు అని నువ్వు రాసింది ఎంత తియ్యగా ఉందంటే, దాన్ని దిండు కింద పెట్టుకుని పడుకున్నాను. అందులో ఒక్క మాట అబద్ధం లేదు. ఎవరికీ నష్టం లేదు, దేవుడికి తెలుసు, నాకు ఆ పని తప్ప ఏమీ లేదు. మూడో రోజు నాకు తెలివొచ్చింది. నర్సింహ నీతో మాట్లాడిన గొంతుతోనే నువ్వు నాతో మాట్లాడుతున్నావు. ప్రేమగల గొంతే. నీ మీద కోపం లేదు నాయనా, నీ కోసం గిర్దావర్ ముందు నేను చేసిందీ అదే.

మొన్న శనివారం పొద్దు వాలక ముందే కూడిక మొదలైంది. పాస్టరు గారు, బరువున్నవాళ్ళు నిలబడమన్నారు. గోపమ్మను లేపమన్నాను. ప్రార్థన చెయ్యడానికనుకుని లేపింది. నేను గిర్దావర్ సంగతి అంతా చెప్పాను. హిందువులమే అన్నది, సిలువను కాలితో తోసింది, అది ఎట్లా మండిందో. నీ సంగతి కూడా చెప్పాను, నువ్వు వాపసు తీసుకున్నావని.

ముందు వరసలో సంఘపెద్ద జానయ్య మామ తల ఎత్తకుండానే, "కూసో సుక్కమ్మా. అయింది గదా, కూసో" అన్నాడు. నేను కూర్చోలేదు. ఆయన ఇంకా మెల్లగా, "నువ్వు నిలవడితె మేమందరం నిలవడాలె బిడ్డా" అన్నాడు.

అప్పుడు అర్థమైంది. ఆయన కొడుకు తాలూకా కచేరీలో జవాను. ఉప్పలమ్మ తమ్ముడు సర్కారు హరిజన హాస్టల్లో చదువుతున్నాడు. ప్రతి ఇంట్లో 'హిందువు' అని ఒక గడి నిండే ఉంది. ఇన్నేళ్ళూ ప్రతి శనివారం దోసకాయలూ తిట్లూ చెప్పుకున్నాం గానీ, అది మాత్రం ఎవరూ చెప్పలేదు. నేను వాళ్ళకే వాక్యం చెప్తూ వచ్చాను, నాకూ తెలియలేదు. మన గుడి తలుపు మీద బయటి నుంచి సర్కారు తాళం వేసింది, లోపలి నుంచి మేము గడియ పెట్టుకున్నాం.

నాకు వాళ్ళ మీద జాలి వేసింది, దానియేలూ. కూర్చుందామనే అనుకున్నాను. కానీ నా మోకాళ్ళు నీకు తెలుసు కదా, ఇద్దరు పట్టుకుంటే తప్ప వంగవు. నన్ను కూర్చోబెట్టడానికి గోపమ్మ, ఉప్పలమ్మ లేచి చెరో రెక్క పట్టుకున్నారు. పట్టుకుని అట్లాగే నిలబడిపోయారు. చాలాసేపు. గోపమ్మ నా చెయ్యి వదలకుండానే, "అయ్యగారూ, మా ఇంట్ల గూడ గసొంటి కాగితం ఉన్నది" అన్నది. ఉప్పలమ్మ ఏడుస్తూ నిలబడింది. జానయ్య మామ మాత్రం చివరిదాకా చాప వైపే చూస్తూ కూర్చున్నాడు. ఆయన్ను నేను తప్పు పట్టను. ఆయన లేస్తే కొడుకు ఉద్యోగం పోతుంది.

నిన్న ఆదివారం రొట్టె విరవలేదు. ఎవరికి ఇవ్వాలో, ఎవరికి మానాలో తెలియక పాస్టరు గారు రొట్టెను గుడ్డలో చుట్టి తిరిగి సంచిలో పెట్టుకున్నారు. నన్ను ఆరు నెలలు వాక్యం పని మానమన్నారు. తల వంచి సరేనన్నాను. ఈ పొద్దున అలవాటుగా కర్ర పట్టుకుని గుమ్మం దాకా పోయి, ఎటూ పోవలసింది లేదని గుర్తొచ్చి అక్కడే నిలబడ్డాను. ఇల్లు ఇంత చిన్నదని ఇప్పటిదాకా తెలియలేదు. బావి నీళ్ళు అవే, కాళ్ళూ అవే.

మట్ట అల్లి తేవద్దు. గుమ్మం మీద దాన్ని గుచ్చిన చోట చిన్న రంధ్రం ఉంది. మళ్ళీ మట్టల ఆదివారం వచ్చేదాకా అది ఖాళీగానే ఉండనీ. ఇకమీద ఎవరైనా వచ్చి మీరెవరమ్మా అని అడిగితే చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు. నోటితోనే చెప్పాలి.

నీ ముందు నిలబడగలిగే
అక్క సుక్కమ్మ